గంటలు లేని గంట

ఏడో పాటలో కూడా గంటలు లేవు. ఆయన హెడ్‌ఫోన్లు తీసి, ఒకసారి దులిపి, అద్దంలోంచి బయటి గోడ గడియారం వైపు చూశాడు. నాలుగూ ఐదు. ఐదింటికల్లా జనం వచ్చేస్తారు, ఇంకా గంట కూడా లేదు, గంటలూ లేవు, అనుకుని, తన మాటకి తనే నవ్వబోయి, నవ్వడానికి ఇది సమయం కాదని మానేసి, హెడ్‌ఫోన్లు మళ్ళీ తగిలించుకుని పాటని మొదటికి లాగాడు. పియానో ఉంది. పియానో మీద ఒక పెద్దాయన బొంగురు గొంతు ఉంది, ఆ గొంతు వెనకాల ఎవరో డబ్బా లాంటిదేదో వాయిస్తున్నారు, అదీ ఉంది, ఇంకా వెనకాల ఒకడు దగ్గుని ఆపుకుంటున్నాడేమో అనిపించే చప్పుడు కూడా ఉంది. పల్లవి ఆఖరి మాట దగ్గర అందరూ ఒక్కసారి ఆగుతారు, ఆ సందులో గలగలమంటూ చిన్న గంటలు రావాలి. అక్కడ ఏమీ లేదు. ఎవరో చెప్పబోయి మరిచిపోయినట్టు ఖాళీ. ఏడుగురు వేర్వేరు మనుషులు, వేర్వేరు సంవత్సరాల్లో పాడిన ఒకే పాట, ఏడింటిలోనూ అదే చోట అదే ఖాళీ. ఎంత అన్యాయం, గంటల పాటని పేరు పెట్టుకుని గంటలు వాయించడానికి ఒక్కడికీ చేతులు రాలేదా అని ఆయనకి ఒళ్ళు మండింది.

కూర్చున్నది సౌండ్ రూములో. చెవి మిషన్లు అమ్మే ఆ దుకాణం వెనక వైపు, గోడలకి దళసరి స్పాంజి కొట్టిన, తలుపు వేస్తే బయటి ప్రపంచం తెగిపోయే చిన్న గది. మామూలుగా ఆయన చోటు అద్దానికి అవతల, మీటల మిషన్ ముందు; ఇవతలి కుర్చీ పరీక్షకి వచ్చినవాళ్ళది. ఈ రోజు పాటలు చూసుకోవడానికి నిశ్శబ్దం కావాలని తనే ఇవతలికి వచ్చి కూర్చున్నాడు, అంతకంటే మరే ఉద్దేశమూ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఇరవై రెండేళ్ళుగా ఊరంతా ఆయన్ని చెవుల డాక్టరుగారూ అంటోంది. నేను డాక్టర్ని కాదండీ, పరీక్ష చేసేవాణ్ణి అని మొదట్లో రోజుకి పదిసార్లు దిద్దేవాడు, తర్వాత రోజుకి రెండుసార్లు, ఈమధ్య ఎదుటివాడు నిజం డాక్టరయితే తప్ప దిద్దడం లేదు. అద్దానికి అవతల భార్య కుర్చీలు సర్దుతోంది, బావమరిది బెలూన్ ఊది ఊది బుగ్గలు ఎర్రగా చేసుకుని, ముడి వేసేలోపల వదిలేస్తున్నాడు, అది తుస్సుమంటూ గది చుట్టూ తిరిగి బ్యాటరీల అలమరా మీద పడుతోంది. తుస్సుమనడం ఆయనకి వినబడలేదు. తలుపు గట్టిది మరి.

ఈ క్రిస్మస్ పార్టీ ఆయన సొంత బుర్రలోంచి పుట్టింది. మిషన్ తీసుకున్నవాళ్ళలో సగం మంది వారం రోజులు పెట్టుకుని, చెవిలో జోరీగలా ఉందండీ అని డ్రాయరులో పడేస్తారు. అది డ్రాయరులోంచి మళ్ళీ చెవిలోకి రావాలంటే ఒక సరదా ఉండాలి. అందుకని ఏటా ఈ రోజుల్లో కేకు కోసి, పాటలు పెడతాడు. చెవిలో మిషన్ ఉంటేనే లోపలికి రానివ్వడం. ఈసారి ఇరవై ఆరుగురు. ఒక్కొక్కరూ తమకిష్టమైన పాట చీటీ మీద రాసి ముందుగా ఇవ్వాలి, ఆయన వాటిని ఒక వరసలో పేర్చాలి. పాట పేరు సరిగ్గా రాసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? మంచు పడుతున్నట్టుండే పాట, అని ఒకరు. మా ఆవిడ గిన్నెలు కడుగుతూ పాడేది చూడండి అది, అని ఒకరు, ఆవిడ గిన్నెలు కడుగుతుండగా ఈయన వెళ్ళి చూసినట్టు. రిటైరైన బస్సు డ్రైవరయితే తూర్పు కుక్క పాట అని రాశాడు. మూడు రోజులు వెతికాడు ఆ కుక్క కోసం. చివరికి ఫోన్ చేస్తే డ్రైవరు ఫోన్లోనే పాడి వినిపించాడు, అది తూర్పు చుక్క. చిన్నప్పట్నుంచీ ఆ మనిషి ముందు ఒక కుక్క దారి చూపిస్తుంటే వెనక జ్ఞానులు నడిచారనే అనుకుంటున్నాడు, చుక్కండీ అని చెబితే నొచ్చుకుని, కుక్కకి తెలిసినట్టు చుక్కకి దారేం తెలుస్తుందండీ, ఇన్నేళ్ళు బండి నడిపినవాణ్ణి నాకు తెలీదా అన్నాడు. పాపం ఆయన తప్పేముంది, వినికిడి పోయేటప్పుడు ముందు పోయేవి చ, స, ష, అవే. చుక్కలో చ పోతే మిగిలినదాన్ని మనిషి తన ఇష్టమొచ్చినట్టు పూరించుకుంటాడు, డ్రైవరు కుక్కతో పూరించుకున్నాడు, ఇది ఆయన రోజూ అందరికీ చెప్పే సంగతే.

పెద్ద టీచరమ్మ చీటీ మాత్రం రెండే మాటలు. గంట పాట. గుండ్రటి దస్తూరి, కింద గీత కూడా. ఆ చీటీ ముందు బావమరిది చేతికి చిక్కింది, వాడు తెలివిగా గంటసేపు ఏకధాటిగా వచ్చే పాట ఒకటి పట్టుకొచ్చాడు, పాటంటే పాట కూడా కాదు, కట్టెలు చిటపటమంటుంటే ఎవడో వయొలిన్ కోస్తుంటాడు, గంటా రెండు నిమిషాలు. గంట పాటంటే ఇదే కదా బావా, రెండు నిమిషాలు ఎక్కువే దొరికింది అన్నాడు సంతోషంగా. ఒరేయ్, గంటంటే మోగే గంటరా, అని చెప్పడానికి ఆయనకి చేతులూపి చూపించాల్సి వచ్చింది. పెద్ద టీచరమ్మతో ఆటలా? నలభై ఏళ్ళు బడి నడిపిన మనిషి, పరీక్ష హాల్లో వెనక వరసలో పేజీ తిరిగితే ముందు నుంచి వినేదని చెప్పుకుంటారు, అలాంటి మనిషి పదకొండేళ్ళుగా చెవులు మొండికేస్తుంటే తనూ మొండికేసి, కొడుకూ కోడలూ చెవినిల్లు కట్టుకుని పోరినా రాక, పోయిన వారమే వచ్చింది. మిషన్ పెట్టించుకుని, లేస్తూ అంది: "చూడు నాయనా, నాకు మాటలు అక్కర్లేదు, చాలా విన్నాను. ఆ పాటలో గంటలు వినాలి. వినబడితే ఉంచుకుంటా. లేకపోతే దీన్ని నీ బల్ల మీద పెట్టేసి పోతా." తప్పకుండా వినబడతాయి టీచరమ్మగారూ, నాదీ పూచీ, అన్నాడాయన. నాదీ పూచీ అని ఎందుకన్నట్టు? నోరు ఊరుకుంటేగా.

పైగా ఆ పాటలో గంటలు ఎక్కడొస్తాయో ఈ ఊళ్ళో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. చిన్నప్పుడు చర్చి పాటల బృందంలో ఆయన గొంతు విని, నువ్వు పాడకు బాబూ, ఇవి ఊపు, అని కర్రకి కట్టిన ఎనిమిది గంటల గుత్తి చేతిలో పెట్టారు. ఆరేళ్ళు ఊపాడు. పల్లవి ఆఖర్న ఊపాలి, రెండో చరణం మధ్యలో ఊపాలి, చివర చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాలి. ఇప్పుడు ఎనిమిదో పాట పెడితే, వీళ్ళెవరో ఆడపిల్లల బృందం, పల్లవి ఆఖరికి వచ్చేసరికి ఆయన కుడి మణికట్టు దానంతటదే గిజగిజలాడింది. చెయ్యి ఊగుతోంది, చెవిలో ఏమీ లేదు. ఆడపిల్లలు కూడా గట్టిగా పాడటం లేదు, పెదవుల చివర్లతో గొణుగుతున్నారు, ఈ కాలం పిల్లలకి నోరు తెరిచి పాడటం ఎవరు నేర్పుతున్నారు గనక. ఫోన్ తప్పేమో. హెడ్‌ఫోన్లు బావమరిది తెచ్చాడు, వాడు తెచ్చిన వస్తువు పూర్తిగా పనిచేసిన దాఖలా లేదు. లేదా ఇప్పుడు పాటలన్నీ కంప్యూటర్లో చేస్తున్నారు, గంటలు వాయించేవాణ్ణి పిలవడం దండగని తీసేసి ఉంటారు. నిన్న ఫోన్లో ఒక పాట కింద ఆయన అదే రాశాడు, మర్యాదగానే రాశాడు, గంటల పాటలో గంటలు పెట్టకపోవడం శ్రోతల చెవిలో పువ్వు పెట్టడమే అని. పది నిమిషాల్లో ఎవడో జవాబిచ్చాడు. తాతగారూ, ముందు చెవులు చూపించుకోండి. ఆయన వెంటనే రాశాడు, ఒరేయ్ బాబూ, నేనే చెవులు చూసేవాణ్ణి. దానికి పద్నాలుగు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఎందుకు నవ్వారో నిన్నట్నుంచీ ఆయనకి అర్థం కాలేదు, అంటే అర్థం చేసుకునే వైపు ఆయన వెళ్ళలేదు.

వెళ్తే అక్కడ ఆయన ప్రసంగమే ఎదురవుతుంది. పరీక్ష అయ్యాక, కాగితం మీద గీత కుడివైపు జారిపోయిందని చూపించి, ప్రతి ఒక్కరికీ చెప్పే ప్రసంగం. వయసుతో పాటు ముందు పోయేవి పిట్టలండీ, తర్వాత గంటలు, ఆ తర్వాత భార్య గొంతు. ఇక్కడ కాస్త ఆగుతాడు. మొగుళ్ళందరూ నవ్వుతారు, పెళ్ళాలు నవ్వరు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందలసార్లు చెప్పాడో. పిట్టలు అంటే గుర్తొచ్చింది, వాళ్ళ వీధిలో పిట్టలు పోయి రెండేళ్ళయింది. పొద్దున్నే కిటికీ తెరిస్తే ఒక్క కూత లేదు. కాలుష్యం. పక్కింటాయనకి పావుగంట వివరించాడు, పిట్టల్ని కాపాడాలని ఎవరో కాగితం పట్టుకొస్తే అందరికంటే ముందు సంతకం పెట్టాడు, పక్కింటాయన అదేంటండీ పొద్దున్నే వాటి గోలకి నిద్ర పట్టడం లేదు అంటే, మనుషులు ఎంతకైనా తెగించి అబద్ధాలాడతారని బాధపడ్డాడు. ఇక భార్య. ఆవిడ ఈమధ్య మాటలు నమిలేస్తోంది, అది మాత్రం నిజం. చీపురు తెమ్మని పేపరు తెమ్మన్నట్టు చెబుతుంది. మొన్న పొద్దున చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి బయట పులి ఉంది, వెళ్ళకండి అంది. ఆయన నిజంగా గుమ్మంలో ఆగిపోయి, తలుపు సందులోంచి వీధి అటూ ఇటూ చూశాడు. ఆవిడ శాలువా తెచ్చి భుజం మీద వేసి వెళ్ళింది. పులికి శాలువా ఎందుకా అని ఆలోచిస్తూ నాలుగు వీధులు నడిచాక అర్థమైంది, చలి. దుకాణంలో అందరికీ జోకుగా చెప్పాడు, చూశారా మా ఆవిడ ఎలా మాట్లాడుతుందో అని, అందరూ నవ్వారు, కౌంటర్ దగ్గర కూర్చున్న ఆవిడ మాత్రం బ్యాటరీలు లెక్కపెడుతూ తలెత్తలేదు. చ పోతే మిగిలినదాన్ని మనిషి తన ఇష్టమొచ్చినట్టు... ఆయన గబగబా తొమ్మిదో పాట నొక్కాడు.

తలుపు తెరుచుకుంది. భార్య, చేతిలో కత్తెర.

"టేపు మీ దగ్గరుందా?"

"కేకు నా దగ్గరెందుకుంటుంది? బయట బల్ల మీద చూడు."

ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని చూసి, వంగి, కుర్చీ కిందున్న టేపు చుట్ట తీసుకుంది. వెళ్ళబోయి, ఆయన మొహం చూసి ఆగింది. హెడ్‌ఫోన్లు తీసి తన చెవికి ఒక పక్క ఆనించుకుంది. ఆవిడ గడ్డం తాళం వేయడం మొదలుపెట్టింది. ఆయన చూస్తున్నాడు. పల్లవి నడుస్తున్నట్టుంది, ఇప్పుడు ఆఖరి మాట దగ్గరికి వస్తున్నట్టుంది, ఇప్పుడు. ఆవిడ కనుబొమ్మలు పైకి లేచాయి, మొహమంతా ఒక్కసారి విప్పారింది, ఎన్నేళ్ళ కిందటి మొహమో అది, కత్తెర పట్టుకున్న చెయ్యి గాలిలో సన్నగా ఊగింది.

"గంటలున్నాయా?" అన్నాడు, అడగకుండా ఉంటే బాగుండునని అనుకుంటూనే.

"ఉన్నాయా ఏంటి? చెవులు చిల్లులు పడేట్టు మోగుతుంటే!"

తీసేసిన ఎనిమిది పాటలూ ఆయన కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి, బొంగురు పెద్దాయన, ఆడపిల్లల బృందం, అందరూ పాపం నోరారా పాడి, చేతులారా గంటలు వాయించినవాళ్ళే. పద్నాలుగు నవ్వు బొమ్మలు. పిట్టలు. పక్కింటాయన.

"నీకు తెలుసా?"

"రెండేళ్ళయింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో. మీకు వినబడితేగా!"

ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక ముక్కు గోక్కున్నాడు. ఆవిడ పాటల హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, గోడకి వేలాడే పరీక్ష హెడ్‌ఫోన్లు తీసి ఆయన తలకి తగిలించింది, ఎరుపు కుడికి, నీలం ఎడమకి, బటన్ చేతిలో పెట్టి తలుపు వేసింది. ఇప్పుడా, జనం వస్తారే, అని ఆయన లోపల అరుస్తున్నాడు, అద్దానికి అవతల ఆవిడ తాపీగా మీటల మిషన్ ముందు కూర్చుంది. ఆయనకి జ్వరం వచ్చిన రోజుల్లో పరీక్షలు చేసేది ఆవిడే, కాబట్టి రాదనడానికి లేదు. ఊరికి తెలిస్తే ఏమవుతుంది? చెవులు చూసేవాడికే చెవులు లేవంటే ఎవడొస్తాడు? ఇరవై ఆరుగురు వచ్చే వేళ, వాళ్ళ ఎదుట. అదొక్కటే ఆలోచన, ముల్లులా. మొదట లావు శబ్దాలు వచ్చాయి, బూం, బూం, హాయిగా నొక్కాడు. తర్వాత సన్నవి. సన్నవి వచ్చేసరికి ఆయన కళ్ళు ఆవిడ భుజం మీదికి వెళ్ళాయి. ఆవిడ మీట తిప్పినప్పుడల్లా కుడి భుజం ఒక్క పిసరు లేస్తుంది. లేవగానే నొక్కాడు. మళ్ళీ లేచింది, మళ్ళీ నొక్కాడు. పరీక్షకి వచ్చే ముసలాళ్ళలో సగం మంది వేసే వేషమే ఇది, ఎందర్ని పట్టుకున్నాడో, ఎందరికి నా చెయ్యి చూడకండి తాతగారూ అని చీవాట్లు పెట్టాడో, ఇప్పుడు అంతకంటే నేర్పుగా తనే వేస్తున్నాడు, పైగా మార్కులు బాగానే వస్తున్నాయని గర్వంగా కూడా ఉంది.

అప్పుడే అద్దంలో ఇంకో మొహం కనబడింది. పెద్ద టీచరమ్మ. చెప్పిన వేళకి పావుగంట ముందు రావడం ఆవిడకి నలభై ఏళ్ళ అలవాటు. ఆవిడ ఆయన్ని చూసింది, ఆయన కళ్ళు ఎటు వెళ్తున్నాయో చూసింది, ఆ చూపు వెంట వెళ్ళి భార్య భుజాన్ని చూసింది, అంతే, రెండు చేతులతో భార్య కూర్చున్న కుర్చీ పట్టుకుని గిర్రున గోడ వైపు తిప్పేసింది. మీటల మిషన్ని ఆవిడ ఒళ్ళో పెట్టింది. తర్వాత తనే అద్దానికి ఎదురుగా, చేతులు కట్టుకుని, ఆయన్నే చూస్తూ నిలబడింది. ఇంక భుజం లేదు. ఇంక ఏమీ లేదు. శబ్దం వస్తోందా, రావడం లేదా, అది కూడా తెలియడం లేదు. బొటనవేలు బటన్ మీద చెమట పట్టింది. ఊరికే నొక్కితే? పదింటికి నాలుగైనా తగులుతాయి. టీచరమ్మ రెప్ప వేయడం లేదు. ఆయన బటన్‌ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

బయటికి వచ్చేసరికి కాగితం మీద గీత చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. అయినా చూశాడు, కుడివైపు జారుడుబల్లలా ఉంది. టీచరమ్మ ఆ కాగితం లాక్కుని, పరీక్ష పేపరులా దూరంగా పట్టుకుని చూసి, "సరే, ఇందులో తప్పేముంది? అందరితో చెప్పు," అంది.

"అందరితోనా? ఇవాళ పండగ పూట ఎందుకులెండి టీచరమ్మగారూ. తర్వాత మెల్లగా..."

"నాకు వారం కింద ఏం చెప్పావ్? సిగ్గెందుకండీ, కళ్ళజోడు పెట్టుకోమా అన్నావా లేదా?"

"అన్నాను గానీ..."

"సిగ్గుపడేవాడి దగ్గర కొన్న వస్తువు నాకొద్దు." ఆవిడ చెవిలోంచి మిషన్ తీసింది, డబ్బాలో పెట్టింది, మూత వేయకుండా ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. "నువ్వు చెబితే పెట్టుకుంటా."

ఆ తర్వాత ఒక్కొక్కరూ రావడం, శాలువాలు విప్పడం, కుర్చీల కోసం మొహమాటపడటం, బస్సు డ్రైవరు కూర్చుంటూ కూర్చుంటూ కుక్క పాట ఎన్నోదండీ అని అడగడం, అన్నీ ఆయన చుట్టూ జరిగిపోతున్నాయి. ఐదయింది. పాట నొక్కమని బావమరిదికి ఎవరు చెప్పారో, వాడు నొక్కేశాడు. మొదటి పాటే గంటల పాట, వరస పొద్దున తనే పెట్టాడు, తొమ్మిదింట్లో వాడి చేతికి దొరికింది ఏడోది. పియానో మొదలైంది. బొంగురు పెద్దాయన గొంతెత్తాడు. పల్లవి ఆఖరుకి ఒక నిమిషం కూడా ఉండదు, ఆయన మణికట్టుకి ఆ సంగతి తెలుసు. టీచరమ్మ ఉత్తి చెవులతో, చేతులు కట్టుకుని ఆయన్నే చూస్తోంది. పదకొండేళ్ళు ఆగిన మనిషి, ఇంకో పదకొండేళ్ళు ఆగుతానన్నట్టు కూర్చుంది. తన పరువు కోసం ఈ ముసలావిడ గంటలు వినకుండా ఇంటికి పోవాలా? ఆయనకి సిగ్గేసింది, ఇందాకటి సిగ్గు కాదు, వేరేది, దానికంటే పెద్దది. కేకు బల్ల పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. మైకు పెడితే మిషన్లన్నీ కూస్తాయని ఆ పార్టీలో మైకు ఉండదు.

"నాకు వినబడటం లేదండీ," అన్నాడు.

"ఏమన్నాడు?" అని బస్సు డ్రైవరు పక్కాయన్ని అడిగాడు. కేకు కోస్తారట అన్నాడు పక్కాయన. వెనక వరసలో ఇద్దరు చప్పట్లు కొట్టారు.

"అది కాదు! నాకు గంటలు వినబడటం లేదు!"

"గంటలో ఆపేస్తారట," అంది వెనకనుంచి ఒకావిడ. అదేంటి, ఇప్పుడేగా మొదలెట్టింది, అని నాలుగు వైపుల నుంచీ గొణుగుడు లేచింది. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వణికిపోతోంది, నవ్వో ఏడుపో తెలియకుండా. టీచరమ్మ మాత్రం ఆయన పెదవులు చదివినట్టుంది, ముందుకి వంగింది, డబ్బాలోకి చెయ్యి పెట్టింది, కంగారుగా మిషన్ చెవిలోకి తోస్తోంది. బొంగురు పెద్దాయన పల్లవి ఆఖరి వరసలోకి వచ్చేశాడు. ఆయన రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని, వీధి చివరికి వినబడేట్టు అరిచాడు.

"నాకు చె-వు-డు!"

ఇరవై ఆరుగురూ ఉలిక్కిపడ్డారు. కొత్త మిషన్ సరిగ్గా అప్పుడే చెవిలో కూర్చున్న టీచరమ్మ కుర్చీలోంచి ఎగిరిపడినంత పనయింది.

"ఎందుకయ్యా అంత అరుపు, మేమేమైనా చెవిటివాళ్ళమా?" అని కసిరి, అంతలోనే చూపుడువేలు పైకెత్తి ఆయన్ని మాట్లాడొద్దని ఆపి, పల్లవి ఆఖరి మాట దగ్గర పాట ఆగిన ఆ సందులోకి తల కొంచెం పక్కకి వంచింది.